పెట్ స్కాన్ చూసి గొంతు క్యాన్సర్‌కు రేడియేషన్ మోతాదు తగ్గించవచ్చా?

ప్రశ్న (కరీంనగర్ నుంచి)

మా నాన్నగారికి 61 ఏళ్లు. నాలుక మొదట్లో క్యాన్సర్ ఉందని, మెడలో ఎడమవైపు రెండు గడ్డలకు పాకిందని గత నెలలో తేలింది. నలభై ఏళ్లుగా బీడీలు కాల్చిన మనిషి. బయాప్సీ రిపోర్టులో పి16 (క్యాన్సర్ హెచ్‌పీవీ వైరస్ వల్ల వచ్చిందో లేదో సూచించే పరీక్ష) నెగెటివ్ అని రాశారు. హైదరాబాద్‌లో డాక్టరుగారు 7 వారాల్లో 35 సిట్టింగులుగా 70 గ్రే (రేడియేషన్ మోతాదు కొలమానం) రేడియేషన్, దానితోపాటు వారం వారం సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఇస్తామన్నారు. అమెరికాలో ఉంటున్న మా బావగారు, అక్కడ గడ్డలో ఆక్సిజన్ ఎంత ఉందో స్కాన్‌లో చూసి కొందరికి 30 గ్రేతోనే సరిపెడుతున్నారని చదివి మాకు చెప్పారు. లాలాజలం ఊరదని, మింగుడు పడదని విన్నప్పటి నుంచి నాన్నగారు దిగులుపడుతున్నారు. చికిత్స కొన్నాళ్లు ఆపి, అటువంటి స్కాన్ చేసే చోటు వెతకమంటారా? అలాగే, పెట్ స్కాన్‌ను ముఖానికి మాస్కు బిగించి ఎందుకు తీశారో కూడా చెప్పగలరు.

సమాధానం (రేడియేషన్ విభాగంలో మెడికల్ ఫిజిసిస్టును)

మీ బావగారు చదివింది నిజమే, కానీ అది మీ నాన్నగారికి వర్తించదు. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్ ఆస్పత్రిలో మొదట 19 మందితో ఆ ప్రయత్నం చేశారు. వాళ్లందరిదీ హెచ్‌పీవీ వైరస్ వల్ల వచ్చిన గొంతు క్యాన్సర్. అసలు గడ్డను ముందే ఆపరేషన్‌తో తీసేశారు. మెడ గడ్డల్లో ఆక్సిజన్ కొరతను ఎఫ్‌మిసో అనే మందుతో తీసే పెట్ స్కాన్‌లో చూసి, కొరత లేదని గానీ, చికిత్స మొదలైన కొద్ది రోజుల్లోనే పోయిందని గానీ తేలిన 15 మందికి మాత్రమే కీమోతోపాటు 30 గ్రే ఇచ్చారు. ఆక్సిజన్ అందని కణాలను చంపాలంటే ఆక్సిజన్ ఉన్న కణాలకు కావలసిన దానికి దాదాపు మూడింతల రేడియేషన్ పట్టవచ్చు కాబట్టి, ఆ కొరత లేని చోట తక్కువతో సరిపోతుందేమోనన్నది వారి ఆలోచన. పొగాకు వల్ల వచ్చి, పి16 నెగెటివ్‌గా ఉన్న క్యాన్సర్ రేడియేషన్‌కు అంత తేలిగ్గా లొంగదు. దానికి మోతాదు తగ్గిస్తే గడ్డ తిరగబెట్టే ప్రమాదం ఉంది.

దీనికి ఎదురు దారిలోనూ ప్రయత్నాలు జరిగాయి. నెదర్లాండ్స్ వైద్యులు ముందుండి నడిపిన ఆర్ట్‌ఫోర్స్ అధ్యయనంలో, మామూలు పెట్ స్కాన్‌లో గ్లూకోజ్‌ను ఎక్కువగా లాక్కుని బాగా మెరిసిన భాగానికి మోతాదును 84 గ్రే దాకా పెంచి చూశారు. గడ్డ తిరిగి రాకుండా ఆపడంలో మామూలు పద్ధతి కంటే అది మెరుగని రుజువు కాలేదు. అందుకే స్కాన్‌లో కనిపించినదాన్ని బట్టి మోతాదు మార్చడం నేటికీ పరిశోధనల పరిధిలోనే ఉంది.

ఇక మాస్కు సంగతి. ఆ జల్లెడలాంటి ప్లాస్టిక్ పలకను వేడినీళ్లలో మెత్తబరిచి ముఖం మీద పరిస్తే, కొద్ది నిమిషాల్లో ముఖం ఆకారంలోనే బిగుసుకుంటుంది. అదే మాస్కుతో, చదునైన బల్ల మీద, చికిత్సలో పడుకోబెట్టే తీరులోనే పెట్ తీస్తే, ఆ చిత్రం ప్లానింగ్ సీటీ (కిరణాలు ఎక్కడ పడాలో లెక్కగట్టడానికి తీసే సీటీ) మీద సరిగ్గా కూర్చుంటుంది. మెడ వంపు కాస్త మారినా గడ్డ అంచు పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. అంత శ్రద్ధ తీసుకున్నారంటే మీ ఆస్పత్రివారు పని తెలిసినవారే.

దయచేసి చికిత్స ఆపకండి. ఈ క్యాన్సర్లలో మధ్యలో పోయిన ఒక్కో రోజూ గడ్డ అదుపులోకి వచ్చే అవకాశాన్ని తగ్గిస్తుంది.

సమాధానం (న్యూక్లియర్ మెడిసిన్ వైద్యురాలిని)

పై సమాధానంతో ఏకీభవిస్తూ ఒక హెచ్చరిక చేర్చుతున్నాను. పెట్‌లో మెరిసేదంతా క్యాన్సర్ కాదు, మెరవనిదంతా ఆరోగ్యమూ కాదు. బయాప్సీ చేసిన చోట వాపు ఉన్నా మెరుస్తుంది. గొంతు లోపలి పొర మీద పలుచగా పాకిన క్యాన్సర్ మాత్రం ఇందులో దొరకక, ఎండోస్కోపీలో కంటికి కనబడవచ్చు. స్కాన్‌కు ముందు రేడియోధార్మికత కలిపిన గ్లూకోజ్ ఇంజెక్షన్ ఇచ్చాక గంటసేపు మాట్లాడవద్దని మేము పదేపదే చెప్పేది కూడా ఇందుకే: మాట్లాడితే స్వరపేటిక కండరాలు ఆ గ్లూకోజ్‌ను లాగేసుకుని, లేని గడ్డ ఉన్నట్టు భ్రమ కలిగిస్తాయి.

పెట్ వల్ల ఖాయంగా ఒరిగే మేలు చికిత్స ముగిశాక ఉంది. బ్రిటన్‌లో 564 మందితో జరిగి 2016లో వెలువడిన పెట్-నెక్ అధ్యయనంలో, కీమో రేడియేషన్ ముగిసిన 12 వారాలకు పెట్-సీటీ తీసి, అవసరమైనవారికే మెడ ఆపరేషన్ చేశారు. ముందే అనుకుని అందరికీ ఆపరేషన్ చేసే పద్ధతిలో 221 ఆపరేషన్లు జరిగితే, ఇందులో 54 మాత్రమే జరిగాయి. ప్రాణాలు దక్కడంలో ఏ లోటూ రాలేదు. మీ నాన్నగారికి మెడ ఆపరేషన్ తప్పే మార్గం అదే. ఆ స్కాన్ తేదీని ఇప్పుడే అడిగి రాసుకోండి.

సమాధానం (రెండేళ్ల క్రితం మా అమ్మకు ఇదే చికిత్స జరిగింది)

లాలాజలం గురించి మీ భయం నాకు తెలుసు. ఐఎంఆర్‌టీ (గడ్డ ఆకారానికి తగ్గట్టు కిరణాల బలాన్ని మార్చే) పద్ధతిలో ఇస్తారా, చెవి కింద ఉండే లాలాజల గ్రంథుల్లో కనీసం ఒక్కదాన్నైనా కాపాడగలరా అని అడగండి. నాలుగో వారానికి మా అమ్మ ఆరు కిలోలు తగ్గి మాస్కు వదులైతే, టెక్నీషియన్ గమనించి చెప్పాక మళ్లీ సీటీ తీసి ప్లాన్ మార్చారు. అందుకని బరువును వారం వారం రాసి డాక్టరుగారికి చూపించండి. పళ్ల డాక్టరుకు మొదటి సిట్టింగుకు ముందే చూపించాలి. మింగలేనప్పుడు ముక్కులోంచి వేసే రైల్స్ ట్యూబ్ చూసి నాన్నగారు బెంబేలు పడతారు. దానితోనే జావ, పాలు పోసి మా అమ్మను ఒడ్డున పడేశాం.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలండీ. బావగారితో మాట్లాడాను, వేరే చోటు వెతకడం మానుకున్నాం. సోమవారం మొదటి సిట్టింగు. రేపు పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం.