మావాడు ట్రూప్‌కి వెళ్తున్నాడు, డెన్ లీడర్‌గా నేనూ వాడి వెనకే వెళ్ళాలా?

పులిహోర_నాన్న (న్యూజెర్సీ)

అందరికీ నమస్తే. పిల్లల్ని స్కౌటింగ్‌లో వేసిన తెలుగువాళ్ళు ఇక్కడ బానే ఉన్నారు కదా, అందుకే అడుగుతున్నా. మావాడు ఫస్ట్ గ్రేడ్‌లో టైగర్‌గా చేరాడు. మొదటి మీటింగ్‌లో డెన్ లీడర్‌గా ఎవరుంటారు అంటే పేరెంట్స్ ఎనిమిది మందిమీ నేల చూపులు చూస్తున్నాం, ఖర్మ కాలి నాకు దగ్గొచ్చింది, అంతే, నా పేరు రాసేసుకున్నారు. అలా టైగర్, వుల్ఫ్, బేర్, వెబెలోస్, ఇప్పుడు ఫిఫ్త్ గ్రేడ్‌లో యారో ఆఫ్ లైట్, ఐదేళ్ళు గడిచిపోయాయి.

తెలియనివాళ్ళకి: ఒక గ్రేడ్ పిల్లలంతా ఒక డెన్ (టైగర్, వుల్ఫ్ లాంటివి గ్రేడ్‌ని బట్టి పెట్టిన పేర్లు), డెన్‌లన్నీ కలిపితే ప్యాక్, అదంతా కబ్ స్కౌట్స్. ఆ తర్వాత 18 ఏళ్ళు వచ్చేదాకా ట్రూప్. రెండూ వేర్వేరు, లీడర్లు వేరు, పద్ధతులు వేరు. ఫిబ్రవరిలో ప్యాక్ అంతా కలిసి చేసుకునే బ్లూ అండ్ గోల్డ్ డిన్నర్ రోజున మా పిల్లలు ఆ చిన్న చెక్క వంతెన దాటి ట్రూప్‌లోకి వెళ్ళిపోతారు.

ఇప్పుడు నా తలనొప్పి. ట్రూప్ స్కౌట్‌మాస్టర్ నన్ను అసిస్టెంట్ స్కౌట్‌మాస్టర్‌గా రమ్మంటున్నాడు. ప్యాక్ వాళ్ళేమో కబ్‌మాస్టర్ (ప్యాక్ మొత్తానికి లీడర్) కూడా ఈ ఏడే వెళ్ళిపోతున్నాడు, నువ్వు ఉండు, ఆ పని నువ్వే తీసుకో అంటున్నారు. మా ఆవిడ మాత్రం ఐదేళ్ళు శని ఆదివారాలు వాళ్ళకిచ్చావు, ఇక ఇంట్లో ఫ్యాన్ తుడువు అంటోంది. మావాణ్ణి అడిగితే "నువ్వు కూడా వస్తావా నాన్నా?" అని తిరిగి నన్నే అడిగాడు. అది రమ్మనో వద్దనో నాకిప్పటికీ అర్థం కాలేదు.

మీరైతే ఏం చేశారు?

ఫ్రిస్కో_బాబాయ్

నేను వెళ్ళానండి, నాలుగేళ్ళయింది. వెళ్ళినందుకు బాధ లేదు గానీ మొదటి ఆరు నెలలు నా అంత పనికిమాలిన లీడర్ ఇంకొకడు లేడు, ఎందుకో చెప్తా.

కబ్స్‌లో అంతా మనమే కదా. ఆటలు మనవే, సామాన్లు మనవే, పైన్‌వుడ్ డెర్బీ (చిన్న చెక్క కార్ల పందెం) కారు పిల్లాడి పేరు మీద సగం నాన్నే చెక్కుతాడు, 5 ఔన్సులు దాటకుండా వంటింటి తూకంలో పెట్టి చూసేదీ నాన్నే. అలవాటైపోయింది. ట్రూప్‌తో మొదటి క్యాంపింగ్, పొద్దున్నే ఆరుకి మావాడి పెట్రోల్ (patrol, ట్రూప్‌లో చిన్న జట్టు) పిల్లలు పాన్‌కేక్‌లు వేస్తున్నారు, ఒకవైపు బొగ్గు, ఇంకోవైపు పచ్చి పిండి. నాకు చెయ్యి ఊరుకోదు కదా, వెళ్ళి స్టవ్ మంట తగ్గించాను. రెండోసారి వెళ్ళి గరిటె తీసుకున్నాను. మూడోసారి లేవబోతుంటే స్కౌట్‌మాస్టర్ నా చేతిలో కాఫీ కప్పు పెట్టి కుర్చీ చూపించాడు. ఏమీ అనలేదు. అక్కడే కూర్చుని, వాళ్ళు ఆ పచ్చి పిండి తిని నవ్వుకుంటుంటే చూశాను. మళ్ళీ నెల క్యాంప్‌కి వాళ్ళంతట వాళ్ళే చిన్న మంట మీద వేశారు, బానే వచ్చాయి కూడా.

అక్కడ అంతా పిల్లలే నడుపుతారండి. సీనియర్ పెట్రోల్ లీడర్ అని పదిహేనేళ్ళ పిల్లాడు మీటింగ్ నడుపుతాడు, మెనూ పెట్రోల్ రాసుకుంటుంది, మనం చేసేది డ్రైవింగ్, సేఫ్టీ, మిగతా టైమంతా నోరు కట్టుకుని కూర్చోడం. ఎక్కడికెళ్ళినా 21 నిండిన రిజిస్టర్డ్ లీడర్లు కనీసం ఇద్దరుండాలి కాబట్టి మనుషులు కావాలి, అది నిజమే, కానీ వాళ్ళకి కావలసింది మీలోని డెన్ లీడర్ కాదు. కుర్చీలో కూర్చోగలను అనుకుంటేనే వెళ్ళండి.

ఇంకోటి, మావాడు కబ్స్‌లో నా టెంట్‌లోనే పడుకునేవాడు. ట్రూప్‌లో పెద్దవాళ్ళ టెంట్లు వేరు, పిల్లలవి వేరు, అది రూల్. మొదటి రాత్రి నిద్ర పట్టనిది నాకే, వాడు హాయిగా గురక పెట్టాడు, ఆ సౌండ్ నా టెంట్‌లోకి వినపడింది.

కుకీల_అమ్మ (నార్త్ కరోలినా)

మా గర్ల్ స్కౌట్స్‌లో ఇది వేరేగా ఉంటుందండి, అది వేరే సంస్థ, చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. మాకు డెయిజీ, బ్రౌనీ, జూనియర్, కెడెట్, సీనియర్, అంబాసిడర్ అని మెట్లు, కానీ చాలాచోట్ల ట్రూప్ మొత్తం కలిసే పైకెక్కుతుంది, లీడర్ కూడా వాళ్ళతోనే. నేను మా అమ్మాయి కిండర్‌గార్టెన్ నుంచి ఇప్పుడు ఎనిమిదో గ్రేడ్ దాకా అదే పిల్లలతో ఉన్నాను. అందులో ఒకమ్మాయి మొదట్లో నా చీర కొంగు పట్టుకుని వదిలేది కాదు, అవును చీరే, దీపావళి మీటింగ్ అది, ఇప్పుడు మా పిల్లలు కుకీలు అమ్మే బూత్ దగ్గర లెక్కలన్నీ తనే చూస్తుంది.

దీంట్లో సుఖం ఏంటంటే ప్రతి పిల్లా తెలుస్తుంది, ఎవరికి ఏ భయమో, ఎవరి ఇంట్లో ఏం నడుస్తోందో. కష్టం కూడా అదే. ఆరో గ్రేడ్ వచ్చాక కూడా నేను వాళ్ళని డెయిజీల్లాగే చూస్తున్నా అని మా అమ్మాయే ఒకరోజు మొహం మీద చెప్పేసింది, "అమ్మా మాకు కలరింగ్ షీట్స్ ఇవ్వకు ప్లీజ్" అని. అప్పటినుంచి మీటింగ్ ప్లాన్ వాళ్ళకే ఇచ్చేశాను. కాబట్టి వెంట వెళ్ళడం తప్పేం కాదండి, వాళ్ళు పెరిగినట్టు మనమూ కాస్త పెరగాలి అంతే, అదే నాకు లేటైంది.

కరీంనగర్_టు_డల్లాస్

అన్నా, నేను ప్యాక్ కమిటీ చెయిర్‌ని, నా బాధ కూడా విను జర. ప్రతి ఫిబ్రవరి ఇదే కథ. ఐదేళ్ళు పని నేర్చుకున్నోళ్ళంతా ఒక్క రోజుల వంతెన దాటి పోతరు, మిగిలేది పోయినేడాది చేరిన కొత్తోళ్ళు. పిల్లలు పోవాలె, అది ఓకే, కానీ డెర్బీ ట్రాక్ ఎవరి గ్యారేజ్‌ల ఉందో తెలిసినోడు కూడా పోతే ఎట్ల? ఒక ఏడు నిజంగనే జరిగింది, ట్రాక్ కోసం నలభై మందికి మెసేజ్‌లు పెట్టిన.

అట్లని నిన్ను ఉండుమని బలవంతం చేయను. ఇంట్ల పిల్లగాడు లేకుండ కబ్‌మాస్టర్‌గ ఉండుడు అంటే మొదటి ఏడు బానే ఉంటది, రెండో ఏడు వాడి క్యాంప్ అదే వారం, నీ క్యాంప్ అదే వారం, ఎవరి క్యాంప్‌కి పోతవ్? మా దగ్గర ఒకాయన అట్లనే రెండు పదవులు పెట్టుకుని రెండింటిల పేరుకే మిగిలిండు.

నేను అడిగేది ఒక్కటే, ఇప్పటిసంది ఫిబ్రవరి దాక నీ పక్కన ఒక థర్డ్ గ్రేడ్ పేరెంట్‌ని కూచోపెట్టుకో. లిస్టులు, ఫోన్ నంబర్లు, స్టోరేజ్ తాళాలు అన్నీ అప్పజెప్పి పో. గట్ల చేసి పోయినోడిని ఇప్పటిదాక ఎవ్వరం తిట్టుకోలే.

అవును, నీకు ఇంకా చిన్నపిల్లలు ఉన్నరా? ఉంటే లెక్క మారిపోతది, అది చెప్పలేదు నువ్వు.

మాజీ_స్కౌట్_21

నేను పిల్లల సైడ్ నుంచి రాస్తున్నా, తెలుగు టైపింగ్ తప్పులుంటే సారీ. మా నాన్న నా ట్రూప్‌లో అసిస్టెంట్ స్కౌట్‌మాస్టర్, నేను ఈగిల్ (స్కౌట్స్‌లో అన్నిటికంటే పై ర్యాంక్) చేసేదాకా ఉన్నారు.

బ్యాడ్ పార్ట్ ముందు చెప్తా. నాన్న అందరితో ఫెయిర్‌గా ఉండాలని నాతో డబుల్ స్ట్రిక్ట్‌గా ఉండేవారు. పక్కవాడు ముడి తప్పు వేస్తే "మళ్ళీ ట్రై చెయ్" అనేవారు, నేను వేస్తే ఒక లుక్కు. ఎవరు తిట్టు తిన్నా ఇంటికొచ్చాక కార్‌లో దాని మీద డిస్కషన్ నాతోనే. పన్నెండు పదమూడు వయసులో నాకు ఫ్రెండ్స్ ముందు జోక్ వెయ్యాలన్నా ముందు నాన్న ఎక్కడున్నారో చూసుకోవాల్సొచ్చేది, అది చాలా ఇరిటేటింగ్.

తర్వాత స్కౌట్‌మాస్టర్ ఒక పద్ధతి పెట్టారు, మంచి పని చేశారు. ర్యాంక్ కోసం చేసే నా రిక్వైర్‌మెంట్స్ ఏవీ నాన్న సైన్ చెయ్యకూడదు, వేరే లీడర్ దగ్గరికే వెళ్ళాలి. కబ్స్‌లో అమ్మానాన్నలే సైన్ చేసేస్తారు కదా, ఇక్కడ అలా కాదు. ర్యాంక్ ఇచ్చే ముందు పెద్దవాళ్ళు స్కౌట్‌తో కూర్చుని మాట్లాడే బోర్డ్ ఆఫ్ రివ్యూలో ఎలాగూ సొంత పేరెంట్, ట్రూప్ లీడర్లు కూర్చోకూడదు. నాకు ఏదైనా ప్రాబ్లం ఉంటే చెప్పుకోడానికి ఇంట్లోవాళ్ళు కాని ఒక పెద్దాయన దొరికారు, అది నాకు స్కౌటింగ్‌లో బెస్ట్ పార్ట్ అని ఇప్పుడు అనిపిస్తుంది. నాన్న అక్కడ ఉండి కూడా నాకు అడ్డు రాకపోవడం వల్లే అది కుదిరింది.

అంకుల్, మీవాడు "నువ్వు కూడా వస్తావా" అన్నాడంటే వాడికీ తెలీదేమో. మొహం మొహం పెట్టి అడగకండి, ఏదో ఒకటి మీకు నచ్చేది చెప్పేస్తాడు. కార్‌లో వెళ్తున్నప్పుడు అడగండి, ఇద్దరూ రోడ్డు చూస్తుంటారు కాబట్టి నిజం చెప్తాడు.

గుంటూరు_మాష్టారు

నేను ఇక్కడ స్కూల్లో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ యూనిట్ చూస్తానండి. మా దగ్గర ఈ ప్రశ్నే రాదు. ఇక్కడ ఎక్కువగా స్కూలే యూనిట్, లీడర్ టీచరే, పిల్లలే మారతారు. కబ్స్‌ని చూసేవాళ్ళు కబ్స్‌నే చూస్తారు, స్కౌట్ మాస్టర్ స్కౌట్లనే చూస్తాడు. నా చేతిలోంచి ప్రవేశ్, ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్ అంటూ ఎంతమంది వెళ్ళారో, రాజ్య పురస్కార్ దాకా వెళ్ళినవాళ్ళూ ఉన్నారు, నేను మాత్రం ఆ ముళ్ళు, ఆ గ్రౌండ్ దగ్గరే ఉన్నాను.

దీనివల్ల ఒక లాభం, పదకొండేళ్ళ పిల్లాడు ఏం చేస్తాడో నాకు కళ్ళు మూసుకుని తెలుసు. మీ పద్ధతిలో ప్రతి లీడరూ ఆ వయసుని ఒక్కసారే చూస్తాడు, నేర్చుకునేలోపు పిల్లాడు పైకి, ఆయనా పైకి. నష్టం కూడా చెప్పాలి, మాకిది డ్యూటీతో పాటు వచ్చే పని, కొందరికి మనసుండదు, జూన్‌లో ట్రాన్స్‌ఫర్ అయితే యూనిట్ అక్కడే పడిపోతుంది. మీరు సొంత పిల్లాడి కోసం వచ్చినా మనసు పెట్టి చేస్తున్నారు.

మా అబ్బాయి కూడా రెండేళ్ళు నా యూనిట్‌లోనే ఉన్నాడు. అక్కడ నన్ను "సార్" అనేవాడు. ఇంటికొచ్చాక కూడా ఒకటి రెండుసార్లు అనేశాడు, వాళ్ళమ్మ పడి పడి నవ్వింది.

పులిహోర_నాన్న (న్యూజెర్సీ)

ఇన్ని రిప్లైలు వస్తాయనుకోలేదు, థాంక్సండీ అందరికీ.

కరీంనగర్ అన్నా, దొరికిపోయాను. పాప ఉంది, వచ్చే సెప్టెంబర్‌కి కిండర్‌గార్టెన్. పోస్ట్‌లో దాని మాటే రాయలేదని మీరు అడిగాక చూసుకున్నా, మా ఆవిడకి చూపిస్తే "రాయవు, ఎందుకు రాస్తావు" అంది, ఇంకేం అనలేదు, అది ఇంకా ఘోరం. వాడి ప్రతి మీటింగ్‌కీ పాప నా వెనకాలే వచ్చి స్నాక్స్ డబ్బా దగ్గర కూర్చునేది, ప్యాక్‌లో సగం మందికి దాని పేరు తెలుసు. 2018 నుంచి కబ్స్‌లో ఆడపిల్లల్ని తీసుకుంటున్నారు కాబట్టి లయన్‌గా చేరచ్చు, లయన్ పిల్లలతో ప్రతి మీటింగ్‌కీ పెద్దవాళ్ళొకరు ఉండాల్సిందే. అంటే నేను ప్యాక్ వదలనే వదలట్లేదు, ఇన్నాళ్ళూ వదులుతున్నా అని ఊరికే దిగులు పడుతున్నానన్నమాట.

నిన్న స్విమ్మింగ్‌కి తీసుకెళ్తూ కార్‌లో అడిగాను వాణ్ణి. రెండు సిగ్నళ్ళు దాటేదాకా మాట్లాడలేదు. తర్వాత "క్యాంప్స్‌కి డ్రైవ్ చెయ్యి నాన్నా, కానీ మా పెట్రోల్ దగ్గరికి రాకు" అన్నాడు. మళ్ళీ ఒక నిమిషం ఆగి "పులిహోర మాత్రం పంపించు" అన్నాడు.

స్కౌట్‌మాస్టర్‌కి చెప్పేశాను, ఈ ఏడు అసిస్టెంట్‌గా కాదు, ట్రూప్ కమిటీలో ఉంటా, డ్రైవింగ్‌కి పిలవండి అని. మావాడి బోర్డ్ ఆఫ్ రివ్యూలో ఎలాగూ కూర్చోలేను, మిగతా పిల్లలవి చూస్తా. కబ్‌మాస్టర్ పని ఒద్దన్నాను. లయన్ డెన్‌కి లీడర్ ఎవరో ఇంకా తేలలేదు, ఈసారి మీటింగ్‌కి వెళ్ళే ముందు దగ్గు మందు తాగి వెళ్తా.

ఫ్రిస్కో_బాబాయ్

తాగినా లాభం లేదండి, మీ మొహం ప్యాక్ మొత్తానికి తెలుసు.

కరీంనగర్_టు_డల్లాస్

అన్నా, పోయేముందు డెర్బీ ట్రాక్ ఎక్కడుందో రాసిపెట్టి పో.

పులిహోర_నాన్న (న్యూజెర్సీ)

మా గ్యారేజ్‌లోనే ఉంది 😀

సరే, వాడికి విడిగా టెంట్ కొనాలి, ఇద్దరు పిల్లలు పట్టేది, వాళ్ళంతట వాళ్ళు వేసుకోగలిగేది, వానకి కారనిది. ఎవరైనా వాడింది ఉంటే చెప్పండి.