షుగర్ ఉన్నవాళ్లు క్రూజ్‌లో ఏ కాక్‌టెయిల్ తాగొచ్చు?

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, పటమట. నాకు 52 ఏళ్లు, షుగర్ వచ్చి తొమ్మిదేళ్లయింది. మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ వాడుతున్నాను. మా పెళ్లయి పాతికేళ్లు నిండుతున్నాయని పిల్లలు సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల క్రూజ్ బుక్ చేశారు. సాయంత్రాలు మా ఆవిడతో డెక్ మీద కూర్చుని ఒక్క గ్లాసు తాగాలని నా కోరిక. అంతకుమించి అక్కర్లేదు.

పోయిన నెల గుంటూరులో బంధువుల ఫంక్షన్‌లో మోజిటో ఇచ్చారు. పుదీనా, నిమ్మకాయే కదా అని తాగేశాను. రెండోది కలుపుతుంటే దగ్గర నిలబడి చూశాను. పంచదార పాకం రెండు కొలతలు పోసి, పైన సోడా బదులు తియ్యటి కూల్‌డ్రింక్ నింపాడు. ఇంటికొచ్చి వేలికి సూది గుచ్చి చూసుకుంటే మీటర్‌లో 268.

జిన్ లాంటి వాటిలో కలిపే టానిక్ వాటర్ చేదుగా ఉన్నా అందులో చక్కెర ఉంటుందని, ఉత్త సోడాలో ఉండదని తెలుసు. అసలు భయం వేరే. మద్యం తాగితే లివర్ ఆ పనిలో పడి గ్లూకోజ్ వదలడం తగ్గిస్తుందట. షుగర్ తగ్గించే నా గ్లిమెపిరైడ్ మాత్రకు అది తోడైతే అర్ధరాత్రి షుగర్ పడిపోవచ్చని, ఖాళీ కడుపుతో అసలు ముట్టుకోవద్దని డాక్టర్ గారు చెప్పారు. చెమటలు పట్టి తూలుతుంటే చూసినవాళ్లు మత్తు అనుకుని వదిలేస్తారేమోనని మా ఆవిడకు టెన్షన్.

షుగర్ ఉండి క్రూజ్‌కి వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి. సిరప్ వద్దంటే బార్‌లో నిమ్మరసం, ఉత్త సోడాతో కలిపిస్తారా? డైట్ టానిక్ దొరుకుతుందా? రోజుకి ఒక్క గ్లాసుకి ముందే మొత్తం డబ్బు కట్టే డ్రింక్ ప్యాకేజీ తీసుకోవాలా, విడిగా కొనుక్కోవడం మేలా? గ్లాసుతో పాటు మీరేం తినేవారు? వచ్చే నెల 12న ప్రయాణం.