ఉద్యమ్ సర్టిఫికెట్ ఉన్నా ఈఎండీ కట్టాలా? నా బిడ్ ఎగిరిపోయింది

పీణ్యా_రాజు: అన్నలూ, బెంగళూరులోనే ఒక కేంద్ర ప్రభుత్వ సంస్థ, స్టాఫ్ క్వార్టర్స్‌కి వాటర్‌ప్రూఫింగ్, ప్లాస్టరింగ్ రిపేర్ల టెండర్ పిలిచింది. అంచనా 18 లక్షలు, ఈఎండీ (బిడ్‌తో కట్టే డిపాజిట్) 36 వేలు. చిన్న సంస్థలకి ఈఎండీ మినహాయింపు ఉందని అందరూ అంటుంటే ఉద్యమ్ సర్టిఫికెట్, అదే చిన్న సంస్థగా రిజిస్టరైన కాగితం, ఎక్కించి ఊరుకున్నా. టెక్నికల్ బిడ్‌లోనే కొట్టేశారు. సర్టిఫికెట్‌లో 'సర్వీసెస్, మైక్రో' అని స్పష్టంగా ఉంది. ఇది అన్యాయం కాదా?

లెక్కల_మాస్టారు: ఇందులో అన్యాయమేం లేదు. మీరు చెప్పే మినహాయింపు చిన్న సంస్థల కోసం కేంద్రం తెచ్చిన 2012 కొనుగోళ్ల పాలసీది, కేంద్ర ఆర్థిక నిబంధనలు జీఎఫ్ఆర్ 2017 రూల్ 170లోనూ ఉంది. ఆ పాలసీ వస్తువులకి, సేవలకి. మీది వర్క్స్ టెండర్, అంటే కట్టడం, రిపేరు పనులది. వర్క్స్ కాంట్రాక్టులు దీని కిందికి రావని చిన్న సంస్థలని చూసే ఎంఎస్ఎంఈ శాఖే చెప్పింది. కొని అమ్మే ట్రేడర్లకీ రాదు. టెండర్ పత్రంలోనూ రాసే ఉంటారు, చదివారా?

పీణ్యా_రాజు: 84 పేజీలు సార్. 61వ పేజీలో ఒక్క లైను ఉంది, ఇప్పుడు చూశా. కానీ నాకు ఒకటి చెప్పండి, జీఎస్‌టీ వసూలు చేసేటప్పుడు వర్క్స్ కాంట్రాక్ట్ సర్వీసే అంటారు కదా, మరి ఈఎండీ దగ్గరికొచ్చేసరికి ఎలా కాకుండా పోయింది?

లెక్కల_మాస్టారు: ఆ చట్టం వేరు, ఈ పాలసీ వేరు.

యలహంక_సప్లయర్: రాష్ట్ర ప్రభుత్వ టెండర్లయితే ఇంకో కథ. అక్కడ కర్ణాటక సొంత కొనుగోళ్ల చట్టం, 1999 కేటీపీపీ చట్టం. కేంద్రం పాలసీ ప్రింటు తీసుకెళ్లి ఒక రాష్ట్ర ఆఫీసులో వాదించి నవ్వులపాలయ్యా, మీరు ఆ పని చేయకండి.

సుధ_టైలరింగ్: ఆ కేంద్రం పాలసీలో 25 శాతం చిన్న సంస్థల దగ్గరే కొనాలట, ఆ 25లో 3 ఆడవాళ్ల సంస్థలకట. చదవడానికి ఎంత బాగుందో! మన రేటు ఎల్1 (అన్నిటికన్నా తక్కువ బిడ్) కన్నా 15 శాతం లోపు ఎక్కువున్నా, ఎల్1 రేటుకి దిగితే కొంత ఆర్డర్ ఇస్తారు. అదొక్కటీ నాకు ఒకసారి పనికొచ్చింది. కుర్చీ కవర్లు, 200.

పీణ్యా_రాజు: మేడమ్, మీవి వస్తువులు కాబట్టి వచ్చింది. మేము చేసేది మనుషులు చేసే పనే అయినా సేవ కాదట, మాస్టారి లెక్క.

లెక్కల_మాస్టారు: నా లెక్క కాదు. డౌటుంటే బిడ్లకి ముందు పెట్టే ప్రీ-బిడ్ మీటింగ్‌లో రాతపూర్వకంగా అడగాలి. అడగకుండా, చదవకుండా బిడ్ వేసి తర్వాత ఏడవడం మనవాళ్లకి అలవాటైపోయింది.

పీణ్యా_రాజు: ఏడవడం ఏంటి సార్? రూల్స్ కంఠతా పట్టారు కదా, ఒకటి నేనూ అడుగుతా. మీ షెడ్డులో చేసిన ప్యానెల్ బోర్డుల బిల్లు, 4 లక్షల 20 వేలు, ఏడు నెలలుగా రాలేదని పోయిన నెల మీరే రాశారు. 2006 ఎంఎస్ఎంఈ చట్టం సెక్షన్ 15 ప్రకారం 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంక్ చెప్పే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఇలాంటి బాకీల కేసులు కౌన్సిల్‌కి వెళ్లే సమాధాన్ పోర్టల్‌లో వేశారా?

యలహంక_సప్లయర్: అయ్యో, మాటలు జారుతున్నాయి, నెమ్మది.

లెక్కల_మాస్టారు: వేయలేదు. ఆ ఆఫీసు నుంచి ఏడాదికి మూడు ఆర్డర్లు వస్తాయి, ఇద్దరు కుర్రాళ్ల జీతాలు వాటి మీదే. కేసు వేస్తే వడ్డీ వస్తుందేమో గానీ నాలుగో ఆర్డర్ రాదు. బిల్లుల సెక్షన్‌లో ఆయన టీ తాగుతూ, 'ఏం మాస్టారూ, కౌన్సిల్‌కి వెళ్తారా ఏంటి' అని నవ్వాడు. నేనూ నవ్వి గ్లాసు కింద పెట్టి వచ్చేశా.

పీణ్యా_రాజు: నా మంట కూడా అదే సార్, 36 వేలు కాదు. నా మీదికైతే 61వ పేజీలో లైను కూడా రూలే. వాళ్ల మీదికొచ్చేసరికి 45 రోజులు 210 అయినా అడిగేవాడు లేడు. మీలాంటి తెలిసినవాళ్లే నవ్వి వచ్చేస్తే మేమెక్కడ అడుగుతాం?

లెక్కల_మాస్టారు: మీకు ఇద్దరు కుర్రాళ్ల జీతాలుంటే తెలిసేది.

పీణ్యా_రాజు: నాకు ఆరుగురు మేస్త్రీలు.

సుధ_టైలరింగ్: నా పాత బిల్లు ఒకటి 90 రోజులు దాటింది, వస్తువులే కాబట్టి సమాధాన్‌లో వేద్దామని ఉంది. ఉద్యమ్ నంబరు, ఇన్‌వాయిస్, పర్చేజ్ ఆర్డర్ కాకుండా ఇంకేం పెట్టాలి?

లెక్కల_మాస్టారు: డెలివరీ చలాన్ మీద వాళ్ల సంతకం, ముద్ర ఉన్న కాపీ పెట్టండి. పర్సనల్‌గా మెసేజ్ చేయండి, చూసి పెడతా. రాజు గారూ, ఏదేమైనా వర్క్స్ మాత్రం సర్వీసు కాదు.

పీణ్యా_రాజు: జీఎస్‌టీలో సర్వీసే.