హెచ్‌టీఎస్ (అధిక ఉష్ణోగ్రత సూపర్‌కండక్టర్) కాయిల్‌కి క్వెంచ్ (సూపర్‌కండక్టివిటీ హఠాత్తుగా పోవడం) డిటెక్షన్: 100 మిల్లీవోల్టుల కార్డు పనికొస్తుందా?

ప్రశ్న (చెన్నై నుంచి): 4 మి.మీ. రెబ్‌కో (ఒక రకం హెచ్‌టీఎస్) టేపు, రెండు వైపులా 20 మైక్రాన్ల రాగి. డబుల్ పాన్‌కేక్ (రెండు బల్లపరుపు చుట్టల) కాయిల్, ఎపాక్సీ పోసినది, 10 మిల్లీహెన్రీ. ద్రవ నైట్రోజన్‌లో 50 ఆంపియర్లు నడపాలి. నియోబియం-టైటానియం (పాత తరహా సూపర్‌కండక్టర్) మాగ్నెట్‌కి వాడిన క్వెంచ్ డిటెక్షన్ కార్డు 100 మిల్లీవోల్టులకు ట్రిప్ అవుతుంది (కరెంటు ఆపేస్తుంది). 10కి దించితే సెకనుకు 1 ఆంపియర్ ర్యాంప్‌లోనే (కరెంటు పెంచేటప్పుడే) ట్రిప్ అయిపోతోంది. ట్యాపులు (వోల్టేజి కొలిచే తీగలు) రెండు చివర్లకే ఉన్నాయి. ఏం చెయ్యాలండీ?

జవాబు: 100 దగ్గర మాత్రం నడపకండి. మీ టేపులో రాగి 0.16 చదరపు మి.మీ. 90 కెల్విన్ దగ్గర 50 ఆంపియర్లూ రాగిలోకి మళ్లితే సెంటీమీటరుకు ఉజ్జాయింపుగా 9 మిల్లీవోల్టులే. అంటే 100 రావాలంటే పది సెంటీమీటర్లకు పైగా నార్మల్ అవ్వాలి, అంటే సూపర్‌కండక్టివిటీ కోల్పోవాలి. నియోబియం-టైటానియంలో క్వెంచ్ సెకనుకు మీటర్ల వేగంతో పాకుతుంది, ఇక్కడ మిల్లీమీటర్లే. ఈలోగా ఆ భాగం మధ్యలో ఉష్ణోగ్రత సెకనుకు 60 కెల్విన్ చొప్పున మొదలై, వేడెక్కేకొద్దీ ఇంకా జోరుగా పెరుగుతుంది. కార్డు మేలుకునేసరికి టేపు పాడైపోయి ఉంటుంది.

ర్యాంప్‌లో ట్రిప్ అవడం కార్డు తప్పు కాదు. 10 మిల్లీహెన్రీ × సెకనుకు 1 ఆంపియర్ = సరిగ్గా 10 మిల్లీవోల్టులు, అది ఇండక్టివ్ వోల్టేజే, కరెంటు మారుతున్నందుకు కాయిల్‌లో పుట్టేది. రెండు పాన్‌కేకులు కలిసే చోట మూడో ట్యాపు వేసి, రెండు సగాల వోల్టేజీల తేడా చూపే బ్రిడ్జి కట్టండి. 10 ఆంపియర్ల లోపు ర్యాంప్ చేస్తూ పది చుట్ల పొటెన్షియోమీటరుతో సున్నాకి తెండి. తర్వాత 20 మిల్లీసెకన్ల సరాసరి తీస్తే 50 హెర్ట్జ్ హమ్ పోతుంది. అప్పుడు ట్రిప్ హద్దు 5 మిల్లీవోల్టులు, 100 మిల్లీసెకన్ల నిర్ధారణ సమయం పెట్టుకోవచ్చు. ఆ 100 మిల్లీసెకన్లలో పెరిగేది ఆరేడు కెల్విన్లే.

ట్యాపు టంకానికి టిన్-బిస్మత్ వాడండి, 138 డిగ్రీలకే కరుగుతుంది. 200 దాటిస్తే పొరలు దెబ్బతింటాయి. ట్యాపులు కరెంట్ లీడ్ అతుకుకి లోపలివైపే ఉండాలి.

ఇంకొకరు: రెండు సగాలూ ఒకేసారి ఒకే తీరుగా వేడెక్కితే బ్రిడ్జికి కనిపించదు కదా సార్?

జవాబు: నిజమే, నైట్రోజన్ మట్టం తగ్గినప్పుడు అలాగే అవుతుంది. అందుకే మొత్తం కాయిల్ వోల్టేజిని విడిగా చూడండి, ర్యాంప్ ఆగాక 5 మిల్లీవోల్టులు దాటితే ట్రిప్. మళ్లీ చుట్టే అవకాశం ఉంటే టేపు వెంటే సన్నని ఎనామెల్ తీగ చుట్టి, ఒక చివర టేపుకి అతికించండి. ఇండక్టివ్ వాటా చాలావరకు అందులోనే రద్దవుతుంది. నో-ఇన్సులేషన్ (చుట్ల మధ్య ఇన్సులేషన్ లేని) కాయిల్ అయితే ఇవేవీ నమ్మకండి. కరెంటు పక్క చుట్టులోకి దారి మళ్లుతుంది, నడుమ హాల్ ప్రోబు (అయస్కాంత క్షేత్రం కొలిచేది) పెట్టి ఫీల్డు తగ్గడం చూడాలి.

ప్రశ్న: డంప్ రెసిస్టరు (ట్రిప్ అయ్యాక కాయిల్ శక్తిని ఖర్చు చేసేది) ఎంత పెట్టాలి?

జవాబు: 0.5 ఓమ్‌లు. 25 వోల్టులు, టైమ్ కాన్‌స్టెంట్ 20 మిల్లీసెకన్లు. దాన్ని కాయిల్‌కి ఎప్పుడూ సమాంతరంగా ఉంచి, సప్లై వైపు డీసీ రేటింగ్ ఉన్న కాంటాక్టర్ పెట్టండి. ఏసీది పెడితే ఆర్క్ ఆరకపోవచ్చు. మెయిన్స్ కరెంటు పోతే ఆ కాంటాక్టర్ తెరుచుకోవాలి. కార్డు మాత్రం యూపీఎస్ మీద.

చెన్నై గాలిలో తేమ ఎక్కువ. కాయిల్ బయటికి తీశాక కనెక్టర్ల మీద మంచు కరిగి లీకేజీ వస్తుంది, బ్రిడ్జి బ్యాలెన్స్ తప్పుతుంది. పొడి నైట్రోజన్ వాయువు ఊదుతూ ఉంచండి. ప్రతి రన్‌కీ ముందు ర్యాంప్‌లో ఒక్కో సగం దాదాపు 5 మిల్లీవోల్టులు చూపుతోందా చూడండి. సున్నా చూపితే ట్యాపు తీగ తెగినట్టే.