ఫ్యూరిన్ ప్రొపెప్టైడ్ రెండోసారి ఎందుకు తెగాలి?

అందరికీ నమస్తే. నల్గొండలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతున్నాను. సోమవారం సెమినార్, అదే టెన్షన్. పెప్సినోజెన్ (ప్రోటీన్లను అరిగించే పెప్సిన్ ఎంజైమ్‌కు ఇంకా పనిచేయని తొలి రూపం) తేలిగ్గానే అర్థమైంది: దాని ముందు భాగం కత్తికి ఒరలా, ఎంజైమ్ పనిచేసే చోటైన యాక్టివ్ సైట్‌ను కప్పి ఉంచుతుంది, కడుపులో ఆమ్లం తగలగానే తెగి ఊడిపోతుంది.

చిక్కంతా ఫ్యూరిన్ (ఇతర ప్రోటీన్లను కత్తిరించే ఎంజైమ్) దగ్గరే. దాని ప్రొపెప్టైడ్, అంటే ఇలాంటి ముందు ముక్కే, ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలోనే (కణంలో ప్రోటీన్లు మడతపడే చోటు) ఒకసారి తెగుతుంది. తెగినా ఎంజైమ్‌ను వదలదు, అడ్డంగా అలాగే కూర్చుంటుంది. ట్రాన్స్ గాల్జీకి (కణంలో ప్రోటీన్లను సర్ది పంపే గాల్జీ చివరి భాగం) చేరాక, అక్కడి కాస్త ఆమ్ల వాతావరణంలో రెండో కోత పడితేనే ఫ్యూరిన్ పనిలోకి దిగుతుంది. ఈ పీహెచ్ తేడాను పసిగట్టేది 69వ స్థానంలోని హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లమని చదివాను. ఆ ఒక్కదానికి ప్రోటాన్ అంటుకుంటే కోత పడాల్సిన చోటు ఎలా బయటపడుతుంది? పైగా ఎంజైమ్ సరిగ్గా మడతపడటానికీ ఈ ముక్కే కావాలట (కాపలాదారుడే మేస్త్రీ అన్నమాట!). ఎవరైనా బొమ్మ గీసి చెప్తే పుణ్యముంటుంది.