ఈస్టర్ ఆరాధనకు వచ్చే కొత్తవారికి ప్రభు రాత్రి భోజనం గురించి ఎలా చెప్పాలి?

అమెరికాలోని ఒక ఎపిస్కోపల్ (ఆంగ్లికన్ సంప్రదాయానికి చెందిన) చర్చిలో ఈస్టర్ నాడు అతిథులను ఆహ్వానించే బాధ్యతను ఈసారి నాకు అప్పగించారు. 1979 నాటి ప్రార్థన గ్రంథానికీ కీర్తనల పుస్తకానికీ మధ్య పేజీలు వెతుక్కోలేక కొత్తవారు తికమకపడతారు కనుక, ఆరాధన క్రమమంతటినీ ఒకే చిన్న పుస్తకంగా అచ్చు వేయిస్తున్నాము. నా అసలు సందేహం ప్రభు రాత్రి భోజనం గురించి, అంటే యేసు చివరి భోజనాన్ని స్మరిస్తూ రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారం గురించి. బాప్తిస్మం పొందినవారు ఏ సంఘానికి చెందినవారైనా రొట్టె, ద్రాక్షారసం తీసుకోవచ్చనీ, పొందనివారు రెండు చేతులూ ఛాతీపై మడిచి ముందుకు వస్తే గురువు ఆశీర్వదిస్తారనీ, తమను వేరుచేస్తున్నారన్న భావన ఎవరికీ కలగకుండా ఏ మాటల్లో చెప్పాలి? ఈస్టర్‌కు ముందు శనివారం రాత్రి చీకటిలో కొత్త నిప్పు వెలిగించి మొదలుపెట్టే జాగరణ ఆరాధన సుదీర్ఘమైనది. దానికి పసిపిల్లలతో వచ్చే తల్లిదండ్రులను ఎక్కడ కూర్చోబెడితే బాగుంటుంది? ఇటువంటి అనుభవం ఉన్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.