సమస్యాపూరణ గోష్ఠి. "గుంటూరు గణం", "కందం కాదు", "కొత్తగా రాస్తున్నా" లాంటివి పాల్గొన్నవారి కలంపేర్లు.

సమస్య: "డ్రైవు కలదు గాని డ్రైవు లేదు"

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను. హార్డ్ డిస్కు పెట్టెలో ఉంది, ఆపరేటింగ్ సిస్టమ్‌కి కనబడదు, అదే విషయం. లాంగ్ డ్రైవులూ క్యాంపస్ డ్రైవులూ ఇంకోసారి. ఉన్నది ఏ డ్రైవో లేనిది ఏ డ్రైవో పద్యంలోనే తేలాలి, లేకపోతే పూరించినట్టు కాదు.

గుంటూరు గణం: గురువుగారూ, "గాని" తర్వాత "డ్రై" వచ్చింది కదా, "ని" గురువు కాదా?

నిర్వాహకుడు: కాదండి. వేరువేరు పదాలు, సమాసం కాదు. లఘువే.

గుంటూరు గణం: అయితే నా పూరణ.

బయొసు చూపెఁ బేరు పక్కాగ, విండోసు
లిస్టు చూడ నచట లేదు డిస్కు;
పెన్ను డ్రైవు నుండి వీయెండి యెక్కక
డ్రైవు కలదు గాని డ్రైవు లేదు.

నిర్వాహకుడు: బయోస్‌ని (కంప్యూటరు ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రాము) "బయొసు" చేశారు, గణం కోసం సరే. బ-ప యతి చక్కగా కుదిరింది.

రిపేరు షాపు: పద్యం బాగుంది గానీ ఎక్కించేది వీఎమ్‌డీని (మీ "వీయెండి", డిస్కుల్ని చూసుకునే ఇంటెల్ ఏర్పాటు) కాదు బాబూ, దానికి కావాల్సిన ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్ని, అంటే ఆ డిస్కుని విండోస్‌కి కనబడేలా చేసే సాఫ్ట్‌వేర్‌ని. 11వ తరం, ఆ తర్వాతి ఇంటెల్ ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో వీఎమ్‌డీ ఆన్‌లోనే వస్తుంది, ఆ డ్రైవర్ లేకపోతే విండోస్ సెటప్‌కి డిస్కు కనబడదు, అప్పుడు "లోడ్ డ్రైవర్" నొక్కి ఐఎన్‌ఎఫ్ (డ్రైవర్ వివరాల) ఫైళ్లున్న ఫోల్డర్ చూపించాలి. డౌన్‌లోడ్ చేసిన ఈఎక్స్‌ఈని విప్పకుండా అలాగే పెన్‌డ్రైవ్‌లో పడేస్తే ఉపయోగం లేదు. బయోస్‌లో వీఎమ్‌డీ ఆఫ్ చేసినా పని అవుతుంది, కానీ అప్పటికే దాని మీద విండోస్ నడుస్తుంటే మాత్రం ముట్టుకోవద్దు, బ్లూ స్క్రీన్ వస్తుంది.

కందం కాదు:
కొత్త డిస్కు పెట్టి కూర్చుంటి నెదురుగా,
అక్షరమ్మొకటియు నంటకున్న
నల్లపట్టితోడ నవ్వుచు నున్నదే,
డ్రైవు కలదు గాని డ్రైవు లేదు.

నిర్వాహకుడు: ఉన్నది డిస్కు, లేనిది డ్రైవ్ లెటర్ (C, D లాంటి అక్షరం). రెండూ విడిపోయాయి, ఇదీ పూరణంటే! డిస్కు నవ్వడం నాకు భలే నచ్చింది.

రిపేరు షాపు: నవ్వు సంగతి సరే, రంగు తప్పు. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో లెటర్ ఒక్కటే లేకపోతే పట్టీ నీలంగా ఉంటుంది. నల్లగా ఉందంటే అసలు పార్టిషనే (డిస్కులో చేసిన విభాగమే) లేదు. కొత్తదైతే ఇనిషియలైజ్ చేసి (వాడకానికి సిద్ధం చేసి) జీపీటీ ఎంచుకోండి, రెండో రకం విభజన పట్టిక ఎంబీఆర్ అయితే సుమారు 2 టీబీ దాటాక మిగతా చోటు వాడుకోనివ్వదు. పాత డేటా ఉన్న డిస్కు "ఇనిషియలైజ్ చెయ్యి" అని అడిగితే మాత్రం టెన్షన్‌లో ఓకే కొట్టేయకండి, ముందు కేబులూ పోర్టూ మార్చి చూడండి.

కొత్తగా రాస్తున్నా:
స్లాటులోన నొదిగె చక్కగా సాటాది,
దారి వేరు గనుక దాటలేదు;
స్క్రూ బిగించి చూస్తే సున్నయే ఫలితమ్ము,
డ్రైవు కలదు గాని డ్రైవు లేదు.

నిర్వాహకుడు: మూడో పాదంలో గణభంగం. "చూస్తే" రెండూ గురువులు, సూర్యగణం కాదు. "చూడ" అనండి, సరిపోతుంది. భావం మంచిది, ఎమ్.2 (సన్నని పలకలాంటి డిస్కు) ఆకారం చూసి అన్నీ ఒకటే అనుకునేవాళ్లే ఎక్కువ.

రిపేరు షాపు: సాటా, ఎన్‌వీఎమ్‌ఈ అనేవి డిస్కు కంప్యూటరుతో మాట్లాడే రెండు వేర్వేరు దారులు. సాటా ఎమ్.2కి సాధారణంగా రెండు గాట్లు, ఎన్‌వీఎమ్‌ఈకి ఒకటే. స్లాటులో రెండూ దూరతాయి, అదే చిక్కు. ఆ స్లాటు సాటాని తీసుకుంటుందో లేదో మదర్‌బోర్డు మాన్యువల్లో ఉంటుంది.

కొత్తగా రాస్తున్నా: సరే అన్నా, "చూడ" అని మార్చేశా. ఆ డిస్కుని యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో (డిస్కుని బయటినుంచి తగిలించే డబ్బాలో) పెడితే కనబడుతుందా?

రిపేరు షాపు: ఎన్‌క్లోజర్ మీద సాటా అని రాసి ఉంటే కనబడుతుంది. ఎన్‌వీఎమ్‌ఈ మాత్రమే అని ఉంటే అక్కడా మీ నాలుగో పాదమే.